చల్లారిన ఉక్కు కొలుములు

పాత కోట శిథిలమగుచున్నదనినచో దానిని కాపాడవలెనని అందరును ఒప్పుకొందురు. దేవాలయ గోపురము పగులువారినచో ఊరు ఊరంతయు కదలును. కాని మూతపడిన కర్మాగారమును, తుప్పుపట్టిన గొట్టములను, మసిబారిన రేకుల కప్పులను కాపాడవలెనని ఎవరైన పలికినచో వినువారికి మొదట నవ్వు వచ్చును. పాత ఇనుము తూకమునకు అమ్ముకొనవలసిన సరకు గాని, పదిమంది వచ్చి చూచి పోవలసిన వస్తువా యని అడుగుదురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, పెన్సిల్వేనియా రాష్ట్రమందలి బెత్లెహేమను పట్టణమున ఈ ప్రశ్న సుమారు ముప్పది సంవత్సరములుగా నలుగుచున్నది. అక్కడి ప్రజలు దానికి చెప్పుకొన్న సమాధానమును, ఆ సమాధానములోని వెలితిని గూడ ఈ పూట మనము కొంత విచారింతము.

బెత్లెహేము నిజమునకు రెండు పట్టణములు. నడుమ లీహై నది పారుచున్నది. ఉత్తరపు గట్టున 1741వ సంవత్సరమున మొరేవియనులను క్రైస్తవ శాఖవారు వచ్చి నెలకొని, రాతి ఇండ్లు కట్టుకొని, వాగు ప్రక్కన చిన్న చిన్న పరిశ్రమలు పెట్టుకొనిరి. వారు 1762లో కట్టిన నీటి యంత్రాగారము నేటికిని నిలిచియున్నది. ఆ పాత ఊరిని అందరును మొదటినుండియు గౌరవించుచునే వచ్చిరి; 2024లో అది ఇతర దేశములలోని మొరేవియను ఊళ్లతో కలిసి ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరెను. దక్షిణపు గట్టు మాట వేరు. అది పొగ, బూడిద, అద్దె ఇండ్లు, సారాయి దుకాణములు, పరదేశములనుండి వచ్చిన కూలీలు. ఉత్తరపు గట్టువారికి చరిత్ర కలదు. దక్షిణపు గట్టువారికి పని కలదు. ఈ భేదము మనస్సున నుంచుకొన్నచో తరువాతి కథ సులభముగా బోధపడును.

1857లో ఒక చిన్న ఇనుప కంపెనీగా ఈ పని ఆరంభమయ్యెను. మొదట రైలు పట్టాలు. తరువాత యుద్ధనౌకలకు కవచపు పలకలు, ఫిరంగులు. 1904లో ఛార్లెసు ష్వాబు చేతికి వచ్చిన పిమ్మట ఆకాశమునంటు మేడలకు వలయు వెడల్పు అంచుల దూలములు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1937లో తెరచిన గోల్డెన్‌గేటు వంతెనకు ఉక్కు సమకూర్చినది ఈ సంస్థయే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ ఒక్క పట్టణపు కర్మాగారములోనే సుమారు ముప్పదివేల మంది పనిచేయుచుండిరి. నదీ తీరమున నాలుగు మైళ్లకు పైగా ఆ కార్ఖానా వ్యాపించియుండెను. అంత పొడవున ఒకే యజమాని, ఒకే ఈల, ఒకే జీతపు దినము! ఊరిలో పెండ్లి ముహూర్తములు గూడ షిఫ్టులను చూచి పెట్టుకొనవలసినదే కాబోలు.

ఈ కర్మాగారమునకు గుండెకాయ వంటివి బ్లాస్టు ఫర్నేసులు. ఇవి అయిదు నేటికిని వరుసగా నిలిచియున్నవి. ఎత్తు సుమారు 230 అడుగులు. వీనికి ఏ, బీ, సీ, డీ, ఈ అని అక్షరములే పేర్లు. మన విశాఖపట్టణమందలి ఉక్కు కర్మాగారమువారు తమ కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు పెట్టుకొన్నారు. అమెరికావారు అక్షరములతో సరిపెట్టుకొనిరి. అయినను, కొలిమికి పేరు పెట్టుట దానితో మనుష్యునకు గల చనువునకు గుర్తు. పేరు నది యైననేమి, అక్షరమైననేమి?

కొలిమి పనిచేయు విధమును కొంచెము చెప్పుకొనవలెను. ఏలయనగా అది తెలియనిదే, తరువాత ప్రజలు దేనిని కాపాడిరో తెలియదు. ముడి ఖనిజము, కోకు బొగ్గు, సున్నపురాయి అను మూడును కొలిమి నెత్తిపైనుండి లోనికి పడవలెను. క్రిందినుండి మిక్కిలి వేడిగాలిని ఊదవలెను. పైనుండి దిగు బరువు, క్రిందినుండి లేచు గాలి రెండును ఎదురుపడిన చోట రాయి కరిగి ఇనుమగును. కరిగిన ఇనుము అడుగునకు చేరును. దానిపై చిట్టెము తేలును. ఇన్ని గంటలకొకసారి కొలిమి నోరు తెరచి ఇనుమును కాలువలలోనికి వదలుదురు. ఇది పొయ్యి వంటిది కాదు. పొద్దున వెలిగించి రాత్రి ఆర్పుటకు వీలులేదు. ఒకసారి వెలిగించినచో సంవత్సరముల తరబడి రాత్రింబవళ్లు మండుచునే యుండవలెను. లోపల ఇనుము గడ్డకట్టినదా, కొలిమియే పోవును. కావున పండుగకును ఆగదు, మంచు తుఫానుకును ఆగదు. దానికి మేత వేయువాడును ఆగరాదు.

ఆ మేతను మోసికొని వచ్చుటకు కొలుముల ముందు నలుబది అడుగులకు పైగా ఎత్తున ఒక ఇనుప వంతెనను ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో కట్టిరి. హూవర్ మేసన్ ట్రెసిలు అని దాని పేరు. దానిపై చిన్న బండ్లు ఖనిజమును, సున్నపురాతిని, కోకును తెచ్చి క్రిందనున్న గాదెలలో గ్రుమ్మరించెడివి. అక్కడినుండి తొట్లు ఏటవాలు పట్టాలపై కొలిమి శిఖరమునకు ఎక్కెడివి. ఈ వంతెన పేరును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మరల పని యున్నది.

ఇక ఆ మేత వేసినవారెవరు? స్లొవాకులు, హంగేరియనులు, స్లొవీనులు, పోలండువారు, ఉక్రేనువారు, ఇటలీవారు, పోర్చుగలువారు వచ్చిరి. 1923లో కోకు బట్టీల పనికై టెక్సాసునుండి మెక్సికోవారిని రైళ్లలో తెప్పించిరి. రెండవ యుద్ధానంతరము పోర్టోరికోవారు వచ్చిరి. దక్షిణపు గట్టున ఒక్కొక్క వీధికి ఒక్కొక్క భాష, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క దేవాలయము. 1910లో సమ్మె జరిగెను. రాష్ట్రపు పోలీసుల తుపాకికి ఒక పనివాడు బలియయ్యెను. ఆ సమ్మెను గూర్చి ప్రభుత్వము విచారణ జరిపినప్పుడు, అనేకులు దినమునకు 12 గంటలు పనిచేయుచున్నారనియు, వారములో ఏడుదినములును పనిచేయువారు గూడ కలరనియు బయటపడెను. కార్మిక సంఘమును యాజమాన్యముచేత ఒప్పించుటకు 1941 సంవత్సరపు సమ్మె వరకు ఆగవలసివచ్చెను. అనగా ముప్పది యొక్క సంవత్సరములు! వంతెనలకును మేడలకును శంకుస్థాపన ఫలకములు కలవు గాని, ఈ ముప్పది యొక్క సంవత్సరములకు ఫలకము ఎక్కడను లేదు.

ఆ తరువాత కొంతకాలము మంచి రోజులు. జీతములు పెరిగెను, పింఛను, వైద్యము ఏర్పడెను. తండ్రి వెనుక కొడుకు, కొడుకు వెనుక మనుమడు అదే గేటున లోనికి పోవుట సామాన్యమయ్యెను. పిమ్మట క్షీణదశ. పరదేశపు ఉక్కు చౌకగా వచ్చెను, పాత ఇనుమును విద్యుత్తుతో కరిగించు చిన్న కర్మాగారములు స్వదేశములోనే పోటీకి దిగెను, యంత్రములు పాతబడెను, యాజమాన్యము కాలమును గుర్తించుటలో వెనుకబడెను. ఇందులో ఎవరి పాలు ఎంత యను వాదము నేటికిని ముగియలేదు, ముగియదు గూడ. 1995 నవంబరు 18న బెత్లెహేములో కొలిమినుండి చివరిసారి ఇనుము పోసిరి. 1998లో కోకు బట్టీలు మూతపడెను. 2001లో సంస్థ దివాలా ప్రకటించెను. 2003లో మిగిలిన ఆస్తి ఇతరుల పాలయ్యెను. పింఛనుల భారము ప్రభుత్వపు హామీసంస్థపై పడెను. పదవీ విరమణ చేసిన వేలాది పనివారికిని, వారి కుటుంబములకును సంస్థ వాగ్దానము చేసిన వైద్య సహాయము ఆగిపోయెను. ముప్పది, నలుబది సంవత్సరములు వేడిలోను, దుమ్ములోను గడిపినవానికి ముసలితనమున మందు లేకపోవుట ఎట్టి దెబ్బయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి సమయమున, ఈ కొలుములను కాపాడుదము అని ఎవరైన అన్నచో ఆ మాట ఎంత కటువుగా వినబడునో ఆలోచింపుడు. మందులకు డబ్బులేదు, తుప్పునకు రంగు వేయింతురట! మనము చూచినంతవరకు, పారిశ్రామిక వారసత్వమును గూర్చి వ్రాయువారిలో పలువురు ఈ చోటును త్వరగా దాటిపోవుదురు. దాటరాదని మా అభిప్రాయము. కొలుములను పడగొట్టి కొత్త పనులు తెండు, ఆ నేల ఊరికే యుండరాదు అనినవారిలో పాత పనివారును ఉండిరి. వారి మాటలో న్యాయము లేదనజాలము. విషము పీల్చుకొన్న నేలను శుభ్రముచేసి మరల పనిలోనికి తెచ్చుట ఏ ఊరికైనను అవసరమే.

కాని మరియొక ఊరి సంగతి వారి కన్నులకు ఎదురుగ నుండెను. అదే రాష్ట్రమున పిట్సుబర్గు చెంత హోంస్టెడ్డను ఊరు కలదు. 1892లో అక్కడ జరిగిన సమ్మె, నెత్తురు పారిన ఆ పోరాటము అమెరికా కార్మిక చరిత్రలో ప్రసిద్ధము. ఆ కర్మాగారము 1986లో మూతపడెను. తరువాత దాదాపు అంతయు తీసివేసి ఆ స్థలమున పెద్ద బజారు కట్టిరి. వరుసగా పండ్రెండు పొగగొట్టములను మాత్రము గురుతుగా మిగిల్చిరి. బండ్లు నిలుపుకొను స్థలము నడుమ, దుకాణముల దీపముల నడుమ అవి నిలిచియున్నవి. వీనిని చూచినవానికి ఇవి ఏమిటో తెలియుట కష్టము. అదృష్టవశమున నదికి అవతల కేరీ కొలుములు రెండు మిగిలి, 2006లో జాతీయ చారిత్రక చిహ్నముగా గుర్తింపు పొందెను. లేనిచో ఆ పండ్రెండు గొట్టములే ఒక శతాబ్దమునకు సాక్ష్యమై యుండెడివి.

బెత్లెహేమువారు మొదట చేసిన పని రంగు వేయుట కాదు, గోడ కట్టుట కాదు. నాటకమాడిరి. 1999 సెప్టెంబరులో, కొలుములు చల్లారిన నాలుగేండ్లకు, ఆ ఊరి టచ్‌స్టోను నాటకశాలవారు కార్నర్‌స్టోను అను మరియొక నాటక సమాజముతో కలిసి, పాడుపడిన ఇనుప పోతశాలలోనే స్టీల్‌బౌండు అను నాటకమును ప్రదర్శించిరి. గ్రీకు పురాణములో ప్రొమీథియసు దేవతలయొద్దనుండి నిప్పు తెచ్చి మానవులకిచ్చి, అందుకు శిక్షగా కొండకు గొలుసులతో బంధింపబడినవాడు. ఆ కథను వీరు ఉక్కు పనివాని కథగా మలచిరి. పాత్రధారులలో ఆ పోతశాలలో పని ఎరిగిన పాత పనివారును, ఊరిలోని సామాన్య జనులును కలరు. మన పల్లెలలో వీథినాటకము ఆడినప్పుడు ఊరివారే వేషములు కట్టుట ఎట్లో, ఇదియు అట్టిదే. నిప్పు తెచ్చినవానికి బహుమతి గొలుసులా యను ప్రశ్నను, నిప్పుతో బ్రతికినవారే తమ కార్ఖానాలో నిలిచి అడిగిరి. ఇరువది సంవత్సరముల తరువాత 2019లో అదే నాటకశాలవారు ఆ కథను మరల చేపట్టిరి. ఊరు ఇపుడెట్లున్నదని మరల అడుగుటకే అది.

ఈ నాటకమును గూర్చి ఇంత చెప్పుటకు కారణము కలదు. వారసత్వ సంరక్షణము అనగానే మనకు ఇటుకలు, సున్నము, ఇంజనీర్ల నివేదికలు స్ఫురించును. ఇక్కడ మొదట స్ఫురించినది దుఃఖము. చనిపోయినవానికి కర్మ చేయనిదే ఇల్లు కుదుటపడదు. కర్మాగారము చనిపోయినప్పుడు గూడ అట్లే చేయవలెనని ఆ ఊరివారికి ఎవరును చెప్పలేదు, వారికే తోచినది.

రెండవ పని చేసినది పాత పనివారే. ఈ శతాబ్దారంభమున వారు ఉక్కు పనివారి భాండాగారము అను ఒక సంఘముగా ఏర్పడి, తమ ఉపకరణములను, ఛాయాచిత్రములను, టోపీలను, వేతనపు చీటీలను ప్రోవుచేసిరి. అంతకంటె ముఖ్యముగా ఒకరి మాటలను ఒకరు రికార్డు చేసిరి. కంపెనీ కాగితములలో లేనిది ఈ మాటలలో కలదు. కంపెనీ కాగితము ఎన్ని టన్నులో చెప్పును. ఎవని చేయి కాలెనో చెప్పదు. ఇనుము రంగును చూచి వేడిని అంచనావేయు కన్ను, కొలిమి శబ్దము మారగానే మేలుకొను చెవి, యంత్రపు రొదలో మాట వినబడక చేతులతో చేసికొను సైగలు, కొత్తగా వచ్చిన పరదేశివానికి పెట్టు హాస్యపు పేరు, తోటివాడు పడిపోయిన దినము ఇంటికి పోయి భార్యకు ఏమి చెప్పవలెనో తోచక గుమ్మముకడ నిలుచుట - ఇట్టి సంగతులు అతడు చెప్పవలసినదే గాని మరియొకరు వ్రాయజాలరు. లీహై విశ్వవిద్యాలయమువారు బియాండ్ స్టీల్ అను పేరుతో ఆ లోయయందలి పరిశ్రమల పత్రములను, చిత్రములను, కంఠస్వరములను అందరికి అందుబాటగునట్లు కూర్చిరి.

ఈ సందర్భమున మన దేశపు ఊరొకటి మాకు జ్ఞాపకము వచ్చుచున్నది. నేటి తెలంగాణములో, నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామము కలదు. అది ఒకప్పుడు ఉక్కు ఊరు. మట్టి మూసలలో అక్కడ కరిగించిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు ఇస్ఫహాను నుండి వచ్చెడివారు. డమాస్కసు కత్తులని లోకము కొనియాడిన వానికి ఇట్టి దక్షిణ దేశపు ఉక్కే మూలము. పాశ్చాత్యులు దానిని ఊట్జు అనిరి. ఆ పదము మన ఉక్కు శబ్దమునుండి పుట్టినదని పలువురు పండితుల మతము. ఆ పని ఎట్లు జరిగెడిదో నేడు మనకు తెలుపు ముఖ్యమైన ఆధారము, హెన్రీ వాయిసీ యను ఆంగ్ల వైద్యుడు అక్కడికి పోయి చూచి వ్రాసిన వ్రాత. అతడు 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో వంగదేశపు ఏషియాటికు సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. ఇటీవల శాస్త్రజ్ఞులు ఉత్తర తెలంగాణపు ఊళ్లు తిరిగి చిట్టెపు కుప్పలను, మూసల పెంకులను పరీక్షించిరి. పెంకులు చాల చెప్పును. కాని మూస పగులగొట్టి ఉక్కు ముద్దను మొదట చేతబట్టినవాని మాట మనకు లేదు. బెత్లెహేము ముసలివారు రికార్డు యంత్రము ముందు కూర్చుండుటలోని విలువ, కోనసముద్రమును తలచుకొన్నప్పుడే మాకు పూర్తిగా బోధపడెను.

ఇక డబ్బు సంగతి. అయిదు కొలుములు మాటలతో నిలువవు. బెత్లెహేము నగరపాలకులు 2000 ప్రాంతమున ఒక ఏర్పాటు చేసికొనిరి. ఆ కర్మాగారపు స్థలములో కొత్త కట్టడములు వచ్చి పన్ను పెరిగినచో, ఆ పెరిగిన భాగమును అదే స్థలపు రోడ్లకును, తోటలకును, పాత కట్టడములకును వెచ్చింపవలెనని నియమము. కాని పన్ను పెరుగుటకు ముందు ఎవరైన వచ్చి పెట్టుబడి పెట్టవలెను. వచ్చినవారు జూదశాలవారు! 2009లో అక్కడ పెద్ద జూదశాల తెరచిరి. ఖనిజమును ఎత్తిపోసిన బ్రహ్మాండమైన క్రేను వంతెనను పడగొట్టక, దానికే జూదశాల పేరును దీపములతో తగిలించిరి. మరియొక విచిత్రము. దేశమునకంతకు దూలములు పోసియిచ్చిన ఆ స్థలములో జూదశాలను కట్టబోవు వేళకు దూలములకు కరవు వచ్చి పని మందగించెను. ఈ సంగతి అప్పటి పత్రికలలో వచ్చి అందరిని నవ్వించెను. దక్షిణపు గట్టువారిని ఎంత నవ్వించెనో చెప్పలేము.

జూదపు డబ్బుతో వారసత్వమును కాపాడవచ్చునా? మాకు ఇది రుచించు మాట కాదు. ధర్మరాజు కథ విని పెరిగిన దేశమువారము. అయినను న్యాయము చెప్పవలసియున్నది: ఆ పన్ను రానిచో ఆ కొలుములు ఈపాటికి తూకమునకు పోయియుండెడివి. ప్రభుత్వము ముందుకు రాలేదు. కంపెనీ లేనే లేదు. పనివారియొద్ద జ్ఞాపకములు కలవు గాని ధనము లేదు. ఊరు తనకు దొరికిన త్రాటిని పట్టుకొనెను.

2011లో కొలుముల పాదములకడ స్టీల్‌స్టాక్సు అను కళాప్రాంగణము తెరచిరి. 1984నుండి అక్కడ ఏటేట సంగీతోత్సవము నడుపుచున్న ఆర్ట్స్‌క్వెస్టు అను ప్రజాసంస్థ దానికి పూనుకొనెను. ఆరుబయట రంగస్థలమునకు వెనుక తెర ఆ అయిదు కొలుములే. రాత్రివేళ వానిపై రంగురంగుల దీపములు ప్రసరింపజేయుదురు. ఖనిజపు గాదెల చెంతనున్న 1863 నాటి రాతి కట్టడమును యాత్రికులకు విషయములు తెలుపు గృహముగా మార్చిరి. 1913 నాటి విద్యుత్ మరమ్మతుశాలలో జాతీయ పారిశ్రామిక చరిత్ర ప్రదర్శనశాలను 2016లో తెరచిరి. దీనిని గూర్చిన తొలి ప్రకటన 1997లోనే వచ్చెను. ప్రకటనకును తలుపు తెరచుటకును నడుమ దాదాపు రెండు దశాబ్దములు గడచెను. ఆ కాలములో ఎందరో పాత పనివారు తమ పనిముట్లు అద్దాల బీరువాలలో కూర్చుండుటను చూడకయే పోయిరి.

దీపములు చూడ ముచ్చటగా నుండునని విన్నాము. కాని ఇక్కడనే ఒక ప్రమాదము పొంచియున్నది. పాట వినవచ్చిన యువకునకు ఆ కొలుములు అందమైన తెర మాత్రమే కావచ్చును. నీలపు కాంతిలో తుప్పు గూడ అందముగనే కనబడును. 12 గంటల షిఫ్టు కనబడదు. కాలిన చేయి కనబడదు. ఆగిన వైద్య సహాయము కనబడదు. అందమైనది కావున కాపాడితిమి అను ఊరునకు, మాది కావున కాపాడితిమి అను ఊరునకు చాల భేదము కలదు. బెత్లెహేము ఈ రెంటి నడుమ ఊగుచున్నది.

ఊగుటను కొంత ఆపినది ఇందాక మనము జ్ఞాపకముంచుకొన్న ఆ ఇనుప వంతెన. 2015లో దానిని నడకదారిగా మార్చి ప్రజలకు తెరచిరి. అయిదువందల గజములకు పైబడిన ఆ దారిలో, బండ్లు పోయిన ఎత్తుననే జనులు నడచుదురు. కొలుముల నడుము చేతికందునంత దూరమున నుండును. సాయంకాలపు సంగీతమునకు వచ్చినవారు గూడ పైకెక్కి చూతురు. ప్రవేశమునకు రుసుము లేదు. ఆ దారివెంట చూడవచ్చినవారిని నడిపించుచు, పాత పనివారు ఇది గాలి ఊదిన ఇంజను గృహము, ఇది గాలిని వేడిచేసిన స్తంభము, ఇక్కడ నేను నిలిచితిని అని చెప్పెడివారు. ఆ చివరి వాక్యమే మనకు వలసినది. ఇనుము కరుగు విధమును ఏ గ్రంథమైనను చెప్పును.

ఏది నిలిచెను, ఏది పోయెను అను లెక్క చూచినచో ఒక వింత కనబడును. సంస్థవారు ఉచ్చదశలో 1972లో, నదికి ఉత్తరమున, తమ అధికారులకొరకు 21 అంతస్తుల మేడను కట్టిరి. మూలగది ఎక్కువమందికి దక్కవలెనని దానిని శిలువ ఆకారమున కట్టిరట! కొలుములవద్ద పనివారు తగ్గుచున్న కాలములో ఆ మేడలో గదుల మర్యాదలు సాగినవి. మార్టిన్ టవరు అను ఆ మేడను కాపాడుటకు ఊరు అంతగా తహతహలాడలేదు. 2019 మే 19న మందుగుండు పెట్టి క్షణములలో కూల్చివేసిరి. జనులు ఉదయముననే లేచి గుంపులుగా వచ్చి చూచిరి. 47 సంవత్సరముల మేడ పోయినది. దానికంటె పెద్దవయస్సుగల కొలుములు నిలిచినవి. ఊరివారికి ఏది తమదో ఇంతకంటె స్పష్టముగా ఎట్లు చెప్పుదురు?

అన్నియు నిలిచినవని కాదు. దాదాపు మైలులో మూడవవంతు పొడవుగల రెండవ నంబరు యంత్రశాల కర్మాగారము మూతపడిన పిమ్మట సంవత్సరముల తరబడి శూన్యముగా పడియుండెను. పథకములు పెక్కు వచ్చెను, పోయెను. దక్షిణపు గట్టున అద్దెలు పెరిగి, పాత పనివారి పిల్లలకు ఆ వీథులలో ఇల్లు దొరకుట కష్టమగుచున్నదను మాటయు వినబడుచున్నది. ఊరు బాగుపడినకొలది ఊరివారు దూరము జరుగుట ఒక్క బెత్లెహేము దోషము కాదు. పాత కర్మాగారములను కళాప్రాంగణములుగా మార్చిన పెక్కుచోట్ల ఈ సమస్య తలయెత్తినది.

ఇక కాలము. 1995 నవంబరులో చివరి ఇనుము పోసిననాడు నలుబది సంవత్సరముల వయస్సువాడు నేడు డెబ్బది దాటినాడు. ఆనాటికే పనిలో ముదిరినవారు పెక్కురు లేరు. వంతెనపై చూడవచ్చినవారిని నడిపించు పనిని, కొలిమి వేడిని ఎన్నడును ఎరుగనివారు మెల్లమెల్లగా చేపట్టవలసివచ్చుచున్నది. వారు చెప్పవలసినది గ్రంథములు చదివియే కాదు, రికార్డు చేసియుంచిన ఆ కంఠములను వినియు నేర్చుకొనవచ్చును. ఆ కంఠములలో స్లొవాకు యాస కలదు, స్పానిషు యాస కలదు. నడుమ నడుమ దగ్గు కలదు. దుమ్ములో పనిచేసినవారి దగ్గు అది. రికార్డు చేసినవారు దానిని తీసివేయలేదు.